ఈసారి పాస్టెల్ బొమ్మలకు మార్కులు వేసే ముందు

మన చిత్రకారుల సంఘం కార్యవర్గానికి, ఈ ఏడాది సభ్యుల ప్రదర్శనకు న్యాయనిర్ణేతలుగా రాబోతున్న పెద్దలకు నమస్కారం.

ఎంట్రీ ఫారాలు ఇంకా అచ్చుకు పోలేదని కార్యదర్శి గారు చెప్పారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. బహుమతులు ఇచ్చేశాక రాస్తే కడుపుమంట అంటారు, ముందే రాస్తే కనీసం సలహా అనైనా అనుకుంటారు. ఫలానా బొమ్మకు ప్రైజు ఎందుకు రాలేదని నిలదీయడానికి కూర్చోలేదు. ఈసారి నా బొమ్మ గోడకు తగిలిస్తాను గానీ పోటీకి పెట్టను. నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అడిగేది ఒక్కటే. సుద్దముక్కలాంటి రంగు ముక్కలతో వేసే పాస్టెల్ బొమ్మను పాస్టెల్ బొమ్మగానే చూసి మార్కులు వేయండి. ఆయిల్ పెయింటింగ్‌తో పోల్చో, ఫొటో పక్కన పెట్టో కొలవకండి.

పోయినసారి జడ్జింగ్ జరిగేటప్పుడు హాల్లో కుర్చీలు సర్దుతూ నేనూ అక్కడే ఉన్నాను. పాస్టెల్ వరుసలో మూడో బొమ్మ జొన్నవాడ దగ్గర ఎండాకాలపు పెన్న. ముదురు గోధుమరంగు కాగితం మీద వేసిన బొమ్మ. దూరాన సన్నటి నీటి పాయ, ఇవతల అంతా ఇసుక, ఇసుకలో ట్రాక్టరు చక్రాల జాడలు. ఆ జాడల లోతు చూపించడానికి వేసినావిడ రంగే వాడలేదు. కాగితాన్ని అట్టాగే వదిలేసి, చుట్టూతా పసుపు, లేత గులాబీ, అక్కడక్కడా ఊదా గీతలు పక్కపక్కన పేర్చింది. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే ఆ వదిలేసిన కాగితమే నీడ. మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్ళకు కొడుతుంది. జడ్జి గారేమో ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరకు వంగి, "ఏందమ్మా ఇది, పేపరు కనపడతా ఉండాదే? పూర్తికాకముందే ఫ్రేము కట్టించేసినారా?" అన్నారు. పక్కాయన నవ్వారు. ఫారంలో ఏదో అంకె వేసి ఇద్దరూ ముందుకు కదిలారు.

ఆ వరుసలో మొదటి బహుమతి దేనికి వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక సినిమా హీరో ముఖం. ఫోనులో ఉన్న స్టిల్లుకు గళ్ళు కొట్టి దించి, వేలితో, దూదితో, ఇయర్ బడ్‌తో రుద్ది రుద్ది నున్నగా తేల్చిన బొమ్మ. అందులో కష్టం లేదని అనను. ఆ కుర్రాడి చెయ్యి మంచిది, పోలిక పట్టడం అందరివల్లా కాదు. కానీ పాస్టెల్‌తో మాత్రమే వచ్చే గుణం ఒక్కటీ ఆ బొమ్మలో మిగల్లేదు. ప్రింటు తీయించి ఫ్రేము కట్టించామంటే నమ్మేస్తాం. "అచ్చం ఫొటోనే" అని ముఖ్య అతిథి గారు మెచ్చుకున్నారు కూడా. ఆయన్ని తప్పు పట్టను, ఆయన బొమ్మలు వేసే మనిషి కాదు. మార్కులు వేసినవాళ్ళకు మాత్రం ఆ వెసులుబాటు ఉండకూడదు.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

రంగు పొడి అన్నింట్లోనూ ఒకటే. అల్ట్రామెరీన్ నీలం ఆయిల్ ట్యూబులో ఉన్నా, వాటర్ కలర్ బిళ్ళలో ఉన్నా, పాస్టెల్ ముక్కలో ఉన్నా ఆ పొడే. తేడా అంతా దాన్ని పట్టి ఉంచే జిగురులో ఉంది. ఆయిల్‌లో అవిసె నూనె, వాటర్ కలర్‌లో తుమ్మ బంక. సాఫ్ట్ పాస్టెల్‌లో ఆ పొడికి సుద్దో తెల్లమట్టో కలిపి, ముక్క చేతిలో నిలబడడానికి ఎంత కావాలో అంతే బంక వేస్తారు. బంక తగ్గేకొద్దీ ముక్క మెత్తనవుతుంది. కాబట్టి కాగితం మీద పడ్డాక కూడా రంగు దాదాపు పొడిగానే ఉంటుంది. దాని చుట్టూ నూనె పొర లేదు, పైన వార్నిష్ లేదు. వెలుతురు ఆ రేణువుల మీద పడి అన్ని వైపులకూ చెదురుతుంది. మంచి పాస్టెల్‌లో కనిపించే మఖమల్ మెరుపు అక్కడి నుంచే వస్తుంది. ఆరడమనేది లేదు కాబట్టి, వాటర్ కలర్‌లో లాగా తడి మీద ఒక రంగు, ఆరాక ఇంకో రంగు అన్న గొడవా ఉండదు.

అయితే ఆ పొడి నిలవాలంటే కాగితానికి గరుకు కావాలి. ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలు... గరుకు నిండేదాకా రంగు పడుతుంది, నిండాక ముక్క జారిపోతుంది. మంచి చెయ్యి ఉన్నవాళ్ళు ఆ గరుకును పిసినారుల్లా ఖర్చు పెడతారు. కింది పొరను తేలిగ్గా తగిలించి, పై పొర సందుల్లోంచి అది తొంగిచూసేలా చేస్తారు. నారింజ మీద నీలం గీతలు పడితే రెండూ కలవకుండా, కంటికి మాత్రం కలిసినట్టుంటాయి. అదే రెండింటినీ వేలితో గట్టిగా రుద్దితే గరుకు పూడిపోతుంది, రేణువులు నలిగి కాగితంలోకి దిగిపోతాయి, రంగులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మరీ రుద్దిన ముఖాలు ఎంత నున్నగా ఉన్నా పౌడరు దట్టించినట్టు పాలిపోయి కనపడేది ఇందుకే.

రుద్దడమే తప్పని వాదించడం లేదు. ఆకాశం కింద పొరకో, పొగమంచుకో, చెంప తిరిగే చోటో రుద్దకపోతే కుదరదు. లియోతార్ అనే స్విస్ చిత్రకారుడు 1744 ప్రాంతంలో వేసిన పనిపిల్ల బొమ్మ జర్మనీలో డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. చేతిలో చాక్లెట్ కప్పు, నీళ్ళ గ్లాసు ఉన్న పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంటుంది. తోలు కాగితం మీద వేసిన పాస్టెల్ అది, గీతన్నది కనపడదు. అట్టాంటి నునుపును చూసి చేతులు జోడించాల్సిందే. అదే శతాబ్దంలో ఫ్రాన్సు చిత్రకారుడు షార్దాన్ ఉన్నాడు. జీవితమంతా ఆయిల్ వేసి, ముసలితనంలో కళ్ళు దెబ్బతిన్నాక పాస్టెల్ పట్టుకున్నాడు. 1771లో కళ్ళజోడుతో వేసుకున్న తన ముఖంలో రంగులు గీతలు గీతలుగానే కనపడతాయి. ఆ తర్వాత ఫ్రాన్సులోనే దెగా వచ్చి గీత మీద గీత, పొర మీద పొర వేసి, మధ్యమధ్యలో పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ కొట్టి మళ్ళీ గీశాడు. ముగ్గురివీ పాస్టెల్లే. మన ఫారంలో మాత్రం 'ఫినిషింగ్' అని ఒక గడి ఉంది. ఆ గడిలో లియోతార్‌కి పాతిక్కి పాతిక పడతాయి, దెగాకి పది వస్తే గొప్ప. ఆ గడి తీసేసి 'మాధ్యమాన్ని వాడిన తీరు' అని పెట్టండి. నునుపు బొమ్మకైనా గీతల బొమ్మకైనా అప్పుడు ఒకే ప్రశ్న వేయొచ్చు: ఈ పని పాస్టెల్‌తో చేసినందువల్ల బొమ్మకు ఒరిగిందేమిటి?

"పాస్టెల్‌కి ఇంత రాద్ధాంతమా, అది పిల్లల సరుకు కదా" అని మన సంఘంలోనే పెద్దలు అనగా విన్నాను. ఆ మాటకు మూలం ఎక్కడుందో నాకు తెలుసు. నేను ఇంట్లో పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు చెబుతాను. వచ్చే ప్రతి బ్యాగులోనూ కామెల్ ఆయిల్ పాస్టెల్ డబ్బా ఉంటుంది, పన్నెండు రంగులదో పాతిక రంగులదో. నెల్లూరైనా ఒంగోలైనా స్టేషనరీ కొట్టుకెళ్ళి పాస్టెల్ ఇమ్మంటే చేతిలో పెట్టేది అదే. మన సభ్యుల్లో కూడా చాలామందికి పాస్టెల్ అంటే ఆ డబ్బానే. ఆయిల్ పాస్టెల్ వేరే జాతి. అందులో రంగును పట్టి ఉంచేది మైనం, ఆరని నూనె. జపాన్‌లో 1920ల్లో బడి పిల్లల కోసం తయారైంది. పెద్ద చిత్రకారుల కోసం ప్యారిస్‌లో సెనెలియర్ కంపెనీ మంచి రకం తీసింది 1949లో, అది కూడా పికాసో కోసమని చెబుతారు. దానికి పొడి రాలదు, మఖమల్ మెరుపూ ఉండదు. గట్టిగా అదిమితే జిడ్డు జిడ్డుగా మందంగా పడుతుంది, గోరుతో గీకి కింది రంగు బయటికి తీయొచ్చు, టర్పెంటైన్‌తో కరిగించొచ్చు. ఎన్నేళ్ళయినా పూర్తిగా గట్టిపడదు. దాని అందం దానిది. కానీ ఆ బొమ్మనూ పెన్న ఇసుక బొమ్మనూ పక్కపక్కన పెట్టి ఒకే గడిలో మార్కులు వేయడం రెండింటికీ అన్యాయం. పోయినసారి పాస్టెల్ విభాగంలో మూడు రకాలు కలిసిపోయాయి: సాఫ్ట్, ఆయిల్, ఇంకా ఒకటి రెండు చోట్ల కలర్ పెన్సిల్.

బయటి సంఘాలు ఈ చిక్కును ఎట్టా విప్పుకున్నాయో చూడండి. లండన్‌లో 1898లో మొదలైన పాస్టెల్ సొసైటీ ఆయిల్ పాస్టెల్‌నూ బొగ్గునూ పెన్సిల్‌నూ కూడా రానిస్తుంది, పొడి మాధ్యమాలన్నీ ఒక కుటుంబమని దాని లెక్క. అమెరికాలో 1972లో పుట్టిన పాస్టెల్ సొసైటీది వేరే దారి, దానికి సాఫ్ట్ పాస్టెలే ప్రధానం. అక్కడి చాలా సంఘాలు బొమ్మలో 80 శాతం పొడి పాస్టెల్ ఉండాలని నిబంధన రాసుకుంటాయి, ఆయిల్ పాస్టెల్‌ను తీసుకోవు. ఏ దారి పట్టినా నాకు అభ్యంతరం లేదు. ఏదో ఒకటి ముందే రాసిపెట్టండి. హాల్లో నిలబడ్డాక, బొమ్మను బట్టి, మనిషిని బట్టి తేల్చుకోవద్దు.

పిల్లల సరుకన్న మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. వెనీసు నుంచి రోసాల్బా కారియెరా అనే ఆవిడ 1720లో ప్యారిస్ వెళితే, ఆవిడ పాస్టెల్ ముఖాలు చూసి అక్కడి రాయల్ అకాడమీ అదే ఏడు సభ్యత్వం ఇచ్చింది. ఆడవాళ్ళను ఆ గడప తొక్కనివ్వడమే అరుదైన రోజులవి. చెవుల మీద చేతులు పెట్టుకొని కేకపెట్టే మనిషి బొమ్మను నార్వే చిత్రకారుడు మంక్ 1895లో పాస్టెల్‌లో కూడా వేశాడు. 2012లో న్యూయార్క్ వేలంలో అది దాదాపు 12 కోట్ల డాలర్లు పలికింది. డబ్బుతో బొమ్మ విలువ కట్టడం నాకు ఇష్టం లేదు గానీ, సరుకు అన్న మాట మొదలెట్టింది మీరే కదా. మన దేశంలోనే అవనీంద్రనాథ్ టాగూర్ 1890ల్లో కలకత్తాలో గిలార్డి అనే ఇటలీ మాస్టారి దగ్గర పాస్టెల్ నేర్చుకున్నాడు. కలకత్తా చిత్రకారుడు బికాశ్ భట్టాచార్జీ పాస్టెల్ ముఖాలు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు.

ఇక అద్దం సంగతి. పాస్టెల్‌కి అద్దం తప్పదు, చెయ్యి తగిలితే రంగు పోతుంది. మన హాల్లోనేమో పైన వరసగా ట్యూబులైట్లు, ఎదురుగా పెద్ద కిటికీలు. పోయినసారి పెన్న బొమ్మ ముందు నిలబడితే ఇసుక కంటే ఎదుటి కిటికీ గ్రిల్లే బాగా కనిపించింది. క్యాన్వాసుకు ఈ బెడద లేదు, అద్దం లేకుండా దర్జాగా వెలిగిపోతుంది. ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటే మొదటి చూపులోనే పాస్టెల్ ఓడిపోతుంది. ఈ వరుసను కిటికీలు లేని గోడకు మార్చండి. దీపాలు ఎదురుగా కాకుండా పైనుంచి వాలుగా పడేలా పెట్టండి. న్యాయనిర్ణేతలు ముందు నాలుగడుగుల దూరం నుంచి చూసి, ఆ తర్వాత పక్కకు జరిగి ఏటవాలుగా దగ్గరికి రండి. ఫోను టార్చి పక్కనుంచి వేస్తే ఏ గీత మీద ఏ గీత పడిందో, ఎక్కడ అదిమారో, ఎక్కడ ముక్కను పడుకోబెట్టి లాగారో అంతా తెలిసిపోతుంది. ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలు పడుతుంది. అంత తీరిక లేకపోతే జడ్జిగా ఒప్పుకోకపోవడమే మర్యాద.

అద్దం బదులు ఆక్రిలిక్ షీటు వేయించమని కొందరు సలహా ఇస్తున్నారు, బరువు తక్కువ, పగలదు అని. దయచేసి ఆ నిబంధన పెట్టకండి. తుడిచినప్పుడల్లా దానిలో స్టాటిక్ కరెంటు పుట్టి, కాగితం మీది పొడిని తనవైపు లాక్కుంటుంది. మామూలు అద్దమే మేలు. కాకపోతే అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంటో (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) సన్నటి పట్టీయో ఉండి తీరాలి. మన ఫ్రేముల కొట్లలో చెప్పకపోతే అద్దాన్ని నేరుగా బొమ్మ మీద నొక్కేస్తారు, అప్పుడు సగం రంగు అద్దానిదే. మౌంటు ఉన్నా, తగిలించే రోజు వాలంటీరు కుర్రాళ్ళు ఫ్రేములను బోర్లా పేర్చి మోస్తే పొడి రాలి తెల్ల మౌంటు కింది అంచున సన్నటి రంగు గీత తేలుతుంది. ఒకసారి దాన్ని చూసి "శుభ్రత లేదు" అని మార్కులు కోశారు. ఆ శుభ్రత వేసినవాళ్ళ చేతిలో లేదు, మోసినవాళ్ళ చేతిలో ఉంది.

ఫిక్సేటివ్ కొట్టలేదని మార్కులు తగ్గించడం కూడా మానండి. స్ప్రే ఎక్కువైతే రేణువుల మధ్య సందులు పూడి రంగు ముదురుతుంది, లేత రంగులు సగం మాయమవుతాయి. అందుకే చాలామంది చివరి పొర మీద కొట్టరు. అది వాళ్ళ నిర్ణయం, బద్ధకం కాదు.

తేమ గురించి ఒక్క మాట. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఎంట్రీలు తీసుకొని వారం పది రోజులు స్టోర్ రూములో గోడకానించి పెడితే, ముదురు కాగితం మీద తెల్లటి బూజు చుక్కలు లేస్తాయి. తీసుకోవడం ప్రదర్శనకు రెండు రోజుల ముందు పెట్టుకుంటే సరిపోతుంది.

ఫొటోల విషయం కొంచెం చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఫొటో చూసి వేయడం నేరం కాదు, దెగా కూడా ఫొటోలు వాడాడు. కానీ ఆ ఫొటో ఎవరిది? మన పాస్టెల్ వరుసలో ఎర్ర తలపాగా, ముడతల ముఖం, తెల్ల మీసాలతో ఒక రాజస్థానీ ముసలాయన ప్రతి ఏడూ దర్శనమిస్తాడు. ఒక్కో ఏడు ఇద్దరు ముగ్గురు సభ్యుల ఫ్రేముల్లో ఒకేసారి. ఆయన్ని మనవాళ్ళెవరూ చూడలేదు. ఎవరో ఫొటోగ్రాఫరు ఎండలో నిలబడి తీసిన వెలుగు, ఆయన ఎంచుకున్న కోణం, ఆయన కట్ చేసిన ఫ్రేము, అన్నీ గూగుల్లోంచి దించుకొని, కింద మన సంతకం పెడుతున్నాం. పైగా 'కంపోజిషన్' గడిలో దానికి మార్కులు! రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకునే ముఖాలు మన ఊళ్ళోనే ఉన్నాయి. మైపాడులో తెల్లారి వలలు విదిలించే చేతులున్నాయి. ఒంగోలు వైపు సభ్యులకు చీమకుర్తి నల్లరాయి క్వారీలున్నాయి, నల్ల కాగితం మీద పాస్టెల్‌కి అంతకన్నా ఏం కావాలి? ఫారంలో 'బొమ్మకు ఆధారం' అని ఒక లైను పెట్టండి: ఎదురుగా చూసి, సొంత ఫొటో, ఇతరుల ఫొటో అనుమతితో, ఊహ. ఇతరుల ఫొటోను అనుమతి లేకుండా దించినవి గోడకు తగిలించండి, పోటీలోకి తీసుకోకండి. బయట చాలా సంఘాల్లో ఇది ఏనాటి నుంచో ఉన్న నిబంధనే.

జడ్జి గారి దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు నేర్చుకున్న శిష్యులు పోటీలో ఉంటే ఆ విభాగం వరకు ఆయన పక్కకు తప్పుకోవాలి. ముఖ్య అతిథి గారి ప్రత్యేక బహుమతి ఉంచుకోండి, అది ఆయన ముచ్చట. ఫలితాల బోర్డు మీద మాత్రం మిగతా వాటితో కలపకుండా వేరే వరుసలో రాయండి.

చివరిగా ఒక అభ్యర్థన. బహుమతి రాని పాస్టెల్ బొమ్మలకు కూడా రెండు వాక్యాలు రాసివ్వండి. "బాగుంది, ఇంకా కృషి చేయాలి" లాంటివి వద్దు. 'ముందున్న ఇసుకకూ వెనకున్న ఇసుకకూ ఒకే బరువు గీత పడింది, అందుకే దూరం తెలియలేదు' అని రాస్తే వేసినావిడ ఇంటికెళ్ళి ఆ బొమ్మను మళ్ళీ తీసి చూసుకుంటుంది. అట్టా రాయగలిగిన జడ్జి పెన్న బొమ్మకు సున్నా వేసినా నేను నోరెత్తను.

రెండో శనివారం కార్యవర్గం కూర్చునేటప్పుడు పిలిస్తే, ఒక సాఫ్ట్ ముక్క, ఒక ఆయిల్ ముక్క, రెండు రకాల కాగితం తెచ్చి పది నిమిషాల్లో తేడా గీసి చూపిస్తాను. టీ ఖర్చు కూడా నాదే. పిలవడం కుదరకపోతే ఫారంలో మాధ్యమం అన్నచోట 'సాఫ్ట్ పాస్టెల్', 'ఆయిల్ పాస్టెల్' అని రెండు గళ్ళు విడివిడిగా వేయించి అచ్చుకు పంపండి. దీపాలకు కరెంటు పాయింట్లు చాలవని కార్యదర్శి గారు అన్నారు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు రెండు మా ఇంట్లో ఉన్నాయి, తగిలించే రోజు తెస్తాను.

ఇట్లు,
పాస్టెల్ వరుసలో బొమ్మ పెట్టే ఒక సభ్యురాలు,
నెల్లూరు